‘లాస్ట్ ఎంత?’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘లాస్ట్ ఎంత’ గారికి,

మిషిగన్ రాష్ట్రం, కాంటన్ ఊరి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, కారు అమ్మేశాను.

అసలు సంగతి మొదటి వాక్యంలోనే ఎందుకు చెప్పేశానంటే, రెండో వాక్యం దాకా చదివే అలవాటు మీకు లేదు. ‘1990 మోడల్, ఐదు గేర్ల మాన్యువల్’ అని ప్రకటన మొదటి వరసలోనే రాస్తే ‘ఆటోమేటికేనా అన్నా?’ అని అడిగింది మీరు. ‘రెండే సీట్లు’ అని రాస్తే ‘వెనకాల పిల్లలు పడతారా?’ అన్నదీ మీరే. ధర 9,500 డాలర్లు అని ఫొటో పక్కనే ఉన్నా ‘ఎంత?’ అన్నారు. మళ్ళీ చెప్పాను. చెప్పిన మెసేజికి నీలం టిక్కులు పడీ పడకముందే వచ్చేసింది మీ పేటెంటు ప్రశ్న. ‘లాస్ట్ ఎంత?’

మీరు ఒక్కరు కారు. (ఈ శ్లేష నాది కాదు, తెలుగు భాషది.) మే నుంచి ఆగస్టు దాకా లెక్కపెడితే పద్నాలుగు మంది తేలారు. ప్రొఫైల్ బొమ్మలో ఒకరికి వెంకటేశ్వరస్వామి, ఒకరికి నయాగరా జలపాతం, ఒకరికి ఎవరో హీరో. కానీ అడిగే తీరు, చెప్పిన టైముకు రాకపోయే తీరు, రానందుకు సారీ చెప్పకపోయే తీరు అందరిదీ ఒకటే. అందుకని అందరినీ కలిపి ఒక్క మనిషిగానే పలకరిస్తున్నాను. ఏమీ అనుకోకండి.

బేరం తప్పని నేననను. మాది విజయవాడ. బీసెంట్ రోడ్డులో మా అమ్మ చీర ధర సగానికి అడిగి, కొట్టు మెట్లు దిగేసి, మూడో అడుగు పడేలోపు వెనక్కి పిలిపించుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ ఆవిడ నోరు విప్పేముందు కొంగు విప్పేది. అంచు తిరగేసేది. దారం రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి పట్టి చూసేది. పది చీరలు కిందపడ్డాకే ఒక మాట పైకొచ్చేది. ఆవిడ చెప్పే సగం ధరకి ఆ చూపుల బరువుండేది కాబట్టే కొట్టువాడు వెనక్కి పిలిచేవాడు. మీరు సోఫాలో కూర్చుని, కారు ఎర్రదో నల్లదో కూడా చూడకుండా ‘ఐదువేలకి ఫిక్స్ చేసుకుందాం’ అన్నారు. బేరం అంటే అది కాదండీ, రాయి విసిరి చూడటం.

అసలు మీరు అడిగింది దేని ధరో ఇప్పుడైనా చెప్పనివ్వండి.

అది మాజ్డా మియాటా. 1970ల చివర్లో బాబ్ హాల్ అనే అమెరికా విలేకరి హిరోషిమా వెళ్ళి, మాజ్డా పెద్దలతో ఒక మాట అన్నాడు. టాపు తీసేసి గాలికి తిరిగే బ్రిటిష్ చిన్న కార్ల రోజులు పోతున్నాయి, అలాంటిది మీరెందుకు చేయరు అని. ఆ మాట పట్టుకుని చేయడానికి వాళ్ళకి పదేళ్ళు పట్టింది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో బయటపెట్టారు. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. ఇవాళ పిల్లల్ని బడికి దించే ఎస్‌యూవీలకే ఇంతకు రెట్టింపు ఉంటోంది. అయితే దీని బరువు టన్నుకు అటూ ఇటూ మాత్రమే, తోసేది వెనక చక్రాలు. ఆ బండికి పెద్ద ఇంజినీరుగా పనిచేసిన తొషిహికో హిరాయ్, ఆయన మనుషులు ‘జిన్‌బా ఇట్టాయ్’ అనే మాట పట్టుకుని కూర్చున్నారట. రౌతూ గుర్రమూ ఒకే ఒళ్ళు కావడం అని దానర్థం. మనవాళ్ళు రౌతు కొద్దీ గుర్రం అంటారు. ఆ లెక్కన నా గుర్రం మొదటి రెండేళ్ళూ కదల్లేదు.

నేను దాన్ని కొన్నది ఆడ్రియన్ అనే ఊరి అవతల ఒక పొలంలో, ధాన్యపు కొట్టం లోంచి. రెండువేల రెండొందలు. ఎర్ర రంగు వెలిసి బానెట్టు మీద రోజ్‌మిల్క్ రంగుకు దిగింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి. అవన్నీ చిన్న విషయాలు. పెద్దది తుప్పు.

మీరూ ఇక్కడే ఉంటున్నారు కాబట్టి ఉప్పు సంగతి తెలిసే ఉండాలి. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు. డెట్రాయిట్ నగరం అడుగున వెయ్యి అడుగులకు పైగా లోతున ఒక ఉప్పు గని ఉంది, ఇప్పటికీ తవ్వుతున్నారు. కార్లు పుట్టే ఊరు, దాని కిందే కార్లను తినే ఉప్పు! పురాణాల్లో ఇలాంటి శాపం ఏదో ఉండే ఉంటుంది. మియాటాకి దీనికి తోడు ఇంకో జబ్బు. టాపు మీద పడిన వాన సీట్ల వెనకున్న రెండు చిల్లుల్లోంచి గొట్టాల గుండా వెనక చక్రాల ముందుకి కారిపోవాలి. ఆకూ దుమ్మూ పేరుకుని ఆ చిల్లులు మూసుకుంటే నీళ్ళు తలుపు కింది గడపలోకి దిగి అక్కడే నిలిచిపోతాయి. బయట ఉప్పు, లోపల నీళ్ళు. మధ్యలో రేకు ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?

అమ్మినాయన గడప మీద మెరిసే కొత్త రంగు వేయించి ఇచ్చాడు. నేను సంబరపడి నాన్నకి వీడియో కాల్ చేశాను. నాన్న విజయవాడ ఆటోనగర్లో నలభై ఏళ్ళు లారీల టింకరింగ్ షెడ్డు నడిపిన మనిషి. ఇప్పుడు కంటిచూపు తగ్గింది గానీ చెవి తగ్గలేదు. ‘బొమ్మ నాకెందుకురా, ఫోను రేకు దగ్గర పెట్టి వేలి కణుపుతో కొట్టు’ అన్నాడు. కొట్టాను. ఠంగుమంది. ‘వెనక్కి రా.’ ఠంగుమంది. ‘ఇంకా వెనక్కి.’ వెనక చక్రం జానెడు దూరంలో ఉందనగా మోత మారింది. బొద్దుమంది, నిండు బిందె మీద కొట్టినట్టు. పదమూడువేల కిలోమీటర్ల అవతల నుంచి నాన్న నవ్వాడు. ‘లప్పం పెట్టాడ్రా. కోసెయ్.’

ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనించాను. జారి కింద పడింది. కోసి చూస్తే వేలి మందాన లప్పం, దాని వెనక నలిపిన వార్తాపత్రిక, దాని వెనక గాలి.

ఆ చలికాలమంతా గరాజులో వెల్డింగు నేర్చుకున్నాను. యూట్యూబు చూసి కొంత, నాన్న తిట్లు తిని ఎక్కువ. ‘తలుపు బిగించే ఉంచి కాల్చు, లేకపోతే రేపు తలుపు పడదు.’ ‘ఒక్కచోటే కాల్చకు, అక్కడో చుక్క ఇక్కడో చుక్క పెట్టు, వేడికి రేకు మెలి తిరుగుతుంది.’ మొదటిసారి వినలేదు. రేకు అప్పడంలా లేచింది. మళ్ళీ కోసి మళ్ళీ మొదలెట్టాను. కుడి గడపకి ఎనిమిది వారాలు, ఎడమ దానికి మూడు. చివరి రోజున ఫోను పెట్టి వరసగా కొట్టుకుంటూ పోతే, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకటే మోత. నాన్న ఏమీ అనలేదు. ‘అన్నం తిన్నావా?’ అన్నాడు.

మిగతా మరమ్మతులన్నీ మీకు చెప్పను. టైమింగ్ బెల్టు, క్లచ్ కింది సిలిండరు, ఇంజన్ వెనకాల చెయ్యి దూరని సందులో రూపాయంత రబ్బరు రింగు, దాన్ని మార్చడానికి ఒక ఆదివారం. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. తొలినాటి మియాటాలకు క్రాంకు ముక్కు పొట్టిది. అక్కడ తాళం గాడి అరిగితే ముందున్న పుల్లీ ఊగడం మొదలవుతుంది, అది ఇంజన్ ప్రాణం మీదకి తెస్తుంది. పుల్లీ మీద నాలుగు గాట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. నాది నాలుగు గాట్లది. గాడి బాగానే ఉంది, అయినా దాచడం ఇష్టంలేక ప్రకటనలో రాశాను. అది చదివినవారు మీలో ఒక్కరే. చదివి ఏమన్నారు? ‘అయితే ప్రాబ్లెం కారా అన్నా? రెండువేలు తగ్గించండి.’

ఇక మీరు నిజంగా వచ్చిన ఏకైక రోజు. జూన్ రెండో ఆదివారం. పదింటికన్నారు, ఒంటిగంటకు వచ్చారు, మీతో పాటు మీ బావమరిది. అతిథులు కదా, మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. లైట్లు లేపమన్నారు, లేపాను. దించమన్నారు, దించాను. ఈ కారు హెడ్‌లైట్లు రెప్పలెత్తినట్టు లేస్తాయి, చిన్నపిల్లలకి చాలా ఇష్టం. మీరు పదకొండుసార్లు లేపించారు. వీడియో తీసుకున్నారు. డ్రైవింగ్ సీట్లో కూర్చుని నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో, బావమరిది కూర్చుని ఫొటో, బానెట్టు మీద కూర్చోబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

తర్వాత నేను తాళాల కోసం ఇంట్లోకి వెళ్ళిన రెండు నిమిషాల్లో మీరు టాపు దించారు. వెనక అద్దం అద్దం కాదండీ, పారదర్శకమైన ప్లాస్టిక్కు. దాని చుట్టూ జిప్పు ఉంటుంది. జిప్పు విప్పి, ప్లాస్టిక్కుని బల్లపరుపుగా పడుకోబెట్టి, ఆ తర్వాతే టాపు మడవాలి. డోరు పక్కన ఇంత చీటీ కూడా అంటించాను. నేను బయటికొచ్చేసరికి చప్పుడు వినిపించింది. అప్పడం విరిచినట్టు చిన్న చప్పుడు. ప్లాస్టిక్కు మీద ఒక మూల నుంచి జానెడు తెల్లగీత, దాని చివర చీలిక. మీరు టాపు పైకి లేపి, ఆ చీలికని బొటనవేలితో ఒకసారి రాసి, నా మొహం చూసి అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. ‘అన్నా, విండో డామేజ్ ఉంది కదా, ఇంకో ఐదొందలు తగ్గుతుందా?’

మీ బావమరిది అటు తిరిగి మజ్జిగ తాగాడు. ఆయనకి కాస్త సిగ్గుంది.

నాకు కోపం తెప్పించింది అది కూడా కాదు. మేం ఇండియా వెళ్ళిపోతున్నామని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా ఆవిడ సామాన్ల జాబితా పెట్టిన రోజు మీ మెసేజి. ‘ఎలాగూ వెళ్ళిపోతున్నారు కదా అన్నా, కారు ఏం చేసుకుంటారు? నాలుగున్నరకి తీసుకుంటా. గ్రైండర్ కూడా కలిపి ఇచ్చేయండి.’ మీ లెక్క తప్పని అనలేను. మూడేళ్ళు దాటిన పాత కారు, అందులోనూ ఎడమచేతి స్టీరింగుది, నాలాంటివాడు మన దేశంలోకి దించుకోలేడు. విమానం టికెట్లు కొనేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్న అక్కడ ఒక్కడే ఉన్నాడు, అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. అమ్మక తప్పదు. మనిషి అవసరం వాసన పట్టి ధర దించడం కొత్త విద్యేం కాదు, పంట కోసిన నెలలో ధాన్యం కొనేవాళ్ళు తరతరాలుగా చేస్తున్నదే. కాకపోతే వాళ్ళు ధాన్యం గుప్పిట్లోకి తీసుకుని ఒక గింజ కొరికి చూస్తారు.

ఇంతదాకా మిమ్మల్ని తిట్టాను కాబట్టి ఇప్పుడు నా సంగతి కూడా ఒప్పుకోవాలి.

ఉండుండి శుక్రవారం రాత్రి మీలో ఎవరో ఒకరు ‘రేపు పదింటికి పక్కా’ అనేవారు. నేను శనివారం పొద్దున్నే లేచి కారు కడిగి, టైర్లలో గాలి చూసి, డిక్కీలో జాకీ సర్ది, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పదకొండుకి మీరు రారని తేలిపోయేది. ఎదురుగా కడిగిన కారు, పైన ఎండ. ఇంకేం చేస్తాను? టాపు దించి (జిప్పు విప్పాకే) హైన్స్ డ్రైవ్ మీదికి పోయేవాణ్ణి. రూజ్ నది పాయ పక్కనే మెలికలు తిరుగుతూ, చెట్ల కింద నుంచి నార్త్‌విల్ దాకా పోతుందే, ఆ రోడ్డు. పెద్ద వానొస్తే మునిగి మూసేస్తారు, లేకపోతే అంతకన్నా మంచి రోడ్డు ఈ చుట్టుపక్కల లేదు. రెండో గేరులో మలుపు తిరిగి, మూడోది వేసేటప్పుడు ఆ గేరు రాడ్డు చేతిలో ‘టిక్’మని పడుతుంది. అంతే, చిన్న టిక్. దానికోసం నేను మూడు చలికాలాలు సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకున్నాను. మీరు రాని శనివారాలు మొత్తం ఏడు. ఆ ఏడూ నావే అయ్యాయి.

ఇంకోటి. మేలో ఒకావిడ ఫోన్ చేసింది. టైమింగ్ బెల్టు ఏ మైలేజి దగ్గర మార్చారు అని అడిగింది, నేను చెబితే రాసుకుంది. డబ్బు తెస్తానంది, ఆ ఆదివారమే. నేను ఏమన్నానో తెలుసా? ‘ఒకాయన అడ్వాన్సు ఇస్తానన్నాడండీ, ఆయన సంగతి తేలాక చెబుతాను.’ ఆ ఒకాయన మీరే. మీరు అడ్వాన్సు ఇవ్వరని నాకు తెలుసు. మిమ్మల్ని అడ్డం పెట్టుకుని నేను ఇంకో మూడు నెలలు కారు దాచుకున్నాను. పాపం ఆవిడ ఎవరో, ఆవిడకి నేనే ‘లాస్ట్ ఎంత’ గారిని అయ్యాను.

ఆగస్టు మొదటివారంలో మా ఆవిడ కేలండరు తెచ్చి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు, పెట్టిందంతే. ఆ శనివారం ఫ్లింట్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పదింటికన్నాడు, పది తక్కువ పదికే మా వీధి మలుపులో బండి ఆపుకుని కూర్చున్నాడని తర్వాత మా ఆవిడ చెప్పింది. కార్ల ప్లాంటులో రేకులు నొక్కే అచ్చులు చేసి రిటైరయ్యాడట. తనతో ఒక అట్టముక్క తెచ్చుకున్నాడు. ధర అడగలేదు. నా పేరు కూడా అడగలేదు. ఇంజన్ స్టార్ట్ చేయమని, ముందు వంగి పుల్లీ వైపు నిమిషంసేపు చూశాడు. ఊగడం లేదు. ఆపమని, వేలు పెట్టి గాట్లు లెక్కపెట్టాడు. తర్వాత అట్టముక్క కింద పరుచుకుని, ఆ వయసులో, మోకాలు పట్టుకుని ఒక్కో కాలూ మడిచి, పక్కకి ఒరిగి పడుకున్నాడు. వేలి కణుపుతో గడప మీద కొట్టాడు. ఠంగ్. జరిగాడు. ఠంగ్. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరాడలేదు. ఠంగ్. ఇంకోసారి కొట్టాడు, నమ్మకం కుదరక. అదే మోత.

‘ఎవరు చేశారు?’ అన్నాడు కింద నుంచే.

నేనేనన్నాను. మా నాన్న చెబుతుంటే, అన్నాను.

లేచి దుమ్ము దులుపుకుని, అప్పుడు చెప్పాడు బేరం. వెనక ప్లాస్టిక్కు చీలింది, అది మార్చడానికి మూడొందలవుతుంది, మిగతాదాని మీద నాకేమీ పేచీ లేదు అని. నేను రెండో మాట అనలేదు. 9,200. ఆ మూడొందలు మాత్రం మీ ఖాతాలో రాసుకున్నాను. ఇండియా వెళ్ళాక కూడా ఆ పద్దు కొట్టేయను.

ఇక్కడి పద్ధతి ప్రకారం నంబర్ ప్లేటు అమ్మినవాడిదే. రెండు స్క్రూలు విప్పి తీసుకున్నాను, కాగితాలు మార్చుకున్నాం. ఆయన టాపు దించుతుంటే చెప్పబోయాను. అప్పటికే జిప్పు విప్పుతున్నాడు. వీధి చివర రెండో గేరు నుంచి మూడోదానికి మార్చడం వినపడింది. లోపలికొచ్చి నాన్నకి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, పడుకోబోతున్నాడు. ‘కొట్టి చూశాడా?’ అన్నాడు. చూశాడన్నాను. ‘అయితే సరే’ అని పెట్టేశాడు.

ఆ నెల మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్. 1995లో మొదలైన పాత కార్ల తిరునాళ్ళు, నేను ఏ ఏడూ మానలేదు. ఈసారి వెళ్ళలేదు. ఎర్ర మియాటా ఎదురొస్తే చెయ్యి ఊపాలో మొహం తిప్పుకోవాలో తేల్చుకోలేకపోయాను.

నిన్న మళ్ళీ మీ మెసేజి వచ్చింది. ‘అన్నా, కారు ఇంకా ఉందా? ఐదున్నర ఫైనల్.’ వెయ్యి పెంచారు, సంతోషం. కారు లేదు. గ్రైండర్ మాత్రం ఉంది. 110 వోల్టులది, విజయవాడ తీసుకెళ్ళి ఏం చేసుకుంటాం? రాయి బాగుంది, బెల్టు కిందటేడు నేనే మార్చాను, ఇడ్లీ పిండి వెన్నలా రుబ్బుతుంది. మీకు ఊరికే ఇస్తాను. సోమవారం మా విమానం. శనివారం పదింటికి వచ్చి పట్టుకెళ్ళండి.

వస్తారుగా?